ఏ పని మనకు సరిపోతుంది? అనంతపురం విద్యార్థులు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం, డిగ్రీ ఆఖరి సెమిస్టర్ అయిపోయిన నెల. డిగ్రీ పిల్లలతో పనిచేసే మాలాంటివాళ్ల ఫోన్లు ఈ రెండు సమయాల్లోనే ఎక్కువగా మోగుతాయి. అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాం. ఉదాహరణలు ఎక్కువగా అనంతపురం చుట్టుపక్కలవే. కర్నూలు, కడప వాళ్లకూ చాలావరకు పనికొస్తాయి.

“నీకేది ఇష్టం?” అని అందరూ అడుగుతున్నారు. నాకేమీ తోచడం లేదు. నాకు ఆసక్తులే లేవా?

పద్దెనిమిదేళ్లకు మీరు దగ్గర నుంచి చూసిన ఉద్యోగాలు ఎన్నో లెక్కపెట్టండి. టీచరు, నర్సు, పోలీసు, బ్యాంకు క్లర్కు, కండక్టరు, బెంగళూరులో ఉన్న మేనమామ చేసే సాఫ్ట్‌వేర్. ఆ చివరిదైతే చూసింది కూడా కాదు, విన్నది. చూడని పని మీద ఇష్టం ఎక్కడి నుంచి పుడుతుంది? కాబట్టి తోచకపోవడంలో వింతేమీ లేదు.

ప్రశ్నను కొంచెం మార్చి అడుక్కోండి: ఏ పనిలోని విసుగును నేను ఓర్చుకోగలను? ప్రతి ఉద్యోగంలోనూ విసుగు పుట్టించే భాగం ఒకటుంటుంది. రోజులో ఎక్కువ సమయం తినేది కూడా అదే. పెళ్లి ఫొటోలు తీసేవాడికి కెమెరా పట్టుకునేది రెండు రోజులైతే, ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని వేల ఫొటోలు ఏరడం వారాల పని. నర్సుకు రాత్రి డ్యూటీలు, గంటగంటకూ చార్టులు. టీచరుకు కట్టలకొద్దీ పేపర్లు. ఎలక్ట్రీషియన్ ఒక్క లూజ్ కనెక్షన్ కోసం ఇల్లంతా వెతకాలి. మెరిసే భాగం అందరికీ నచ్చుతుంది, దాన్నిబట్టి ఏమీ తెలియదు. విసుగు భాగాన్ని చేస్తూ కూడా “సరేలే, ఇది చూద్దాం” అనిపించిందంటే అక్కడ మీ ఆసక్తి ఏదో ఉన్నట్టే.

నాకు స్కిల్స్ ఏమీ లేవు. డిగ్రీ తప్ప ఒక్క సర్టిఫికెట్ కూడా లేదు.

ఈ మాట రోజూ వింటాం. ఎక్కువసార్లు అది నిజం కాదు. ఇంట్లో చేసే పనిని మనవాళ్లు పని కింద లెక్కపెట్టరు, అదే చిక్కు.

బీకాం చదివే ఒక అమ్మాయిని ఊహించుకోండి. వాళ్లకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట. నాన్నకు చదువు అంతంత మాత్రం కాబట్టి నోటుపుస్తకం ఈమెదే. ఒక పేజీలో మందులు, ఎరువులు. ఇంకో పేజీలో కూలీలు ఎవరు ఎన్ని రోజులు వచ్చారు, ఎవరికి అడ్వాన్స్ ఇచ్చారు. కాయ అనంతపురం మార్కెట్ యార్డుకు వెళ్లిన రోజు వేలంలో పలికిన రేటు, తూకం, సూటు పేరుతో తీసిన తరుగు, లారీ బాడుగ, చివరికి చేతికొచ్చిన డబ్బు. బిల్లులో తూకం తేడా కనిపిస్తే ఫోన్ చేసి అడిగేదీ ఈమే. ఇంతా చేస్తూ “నేను టాలీ కోర్సు చేయలేదు, నాకేమీ రాదు” అంటుంది. టాలీ అనేది లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్, కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. లెక్క తేడాను పసిగట్టడం, పెద్దవాళ్లతో తొణక్కుండా డబ్బు విషయం మాట్లాడడం ఏ కోర్సులోనూ అంత తొందరగా రావు. జీతాలిచ్చేవాళ్లు వెతికేదీ వాటి కోసమే.

ధర్మవరం మగ్గాల ఇళ్ల పిల్లలదీ ఇదే కథ. పట్టుచీర అంచు డిజైన్‌ను గ్రాఫు గళ్లలోకి దించడం, జకార్డ్ అట్టలు (మగ్గానికి డిజైన్ చెప్పే చిల్లుల అట్టలు) ఏ వరుసలో ఉండాలో చూసుకోవడం, ఒక్క పోగు తప్పితే ఎక్కడ తప్పిందో కనిపెట్టడం చిన్నప్పటి నుంచి చూస్తూ పెరుగుతారు. నమూనాను చదవగలిగే కన్ను అది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనైనా, క్వాలిటీ చెకింగ్‌లోనైనా, ప్రోగ్రామింగ్‌లోనైనా పనికొస్తుంది.

సరే, నా నైపుణ్యాలు నేనే కనిపెట్టుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఫోన్‌లో వద్దు, మధ్యలో రీల్స్‌లోకి జారిపోతారు. రెండు వారాల పాటు ప్రతి రాత్రి పడుకునే ముందు ఆ రోజు చేసిన పనులు నాలుగైదు రాయండి. గుణాలు రాయొద్దు, పనులు మాత్రమే. “నేను ఓపికస్తుణ్ణి” అని రాస్తే దాంతో ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియదు. “అవ్వను కంటాసుపత్రికి తీసుకెళ్లాను, ఓపీ లైన్లో మూడు గంటలు నిలబడ్డాను, డాక్టర్ చెప్పింది ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా చెప్పాను” అని రాస్తే అందులో మూడు పనులు బయటపడతాయి.

ఒక్కో పని పక్కన రెండు గుర్తులు పెట్టండి. బాగా చేశానా, లేదా? చేస్తుంటే టైమ్ తెలియలేదా, లేక గడియారం చూశానా? రెండు వారాలయ్యాక బాగా చేసినవీ, టైమ్ తెలియనివీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కలిసిన చోట మొదట వెతకాలి.

బాగా చేస్తారు గానీ గడియారం చూస్తుంటారు అనుకోండి, అది జాగ్రత్తగా చూడాల్సిన గడి. అందరూ మిమ్మల్ని అటే తోస్తారు, ఎందుకంటే మీరు బాగా చేస్తారు కదా. లెక్కల్లో తొంభై ఐదు మార్కులొచ్చి, లెక్కలంటే తలనొప్పి అనే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. టైమ్ తెలియదు గానీ అంత బాగా రాదంటే మాత్రం దిగులొద్దు. నేర్చుకుంటే వస్తుంది.

ఇంకో చిన్న చిట్కా: ఇంట్లోవాళ్లు, ఫ్రెండ్స్ మిమ్మల్ని ఏ పనికి పిలుస్తారో గమనించండి. ఫోన్ పాడైతే ఎవరిని పిలుస్తారు? గొడవ సర్దాలంటే ఎవరిని? పెళ్లిలో వడ్డన చూసుకోమని ఎవరికి అప్పగిస్తారు? మీ నైపుణ్యం మీకంటే ముందు వాళ్లకు తెలుసు.

ఆన్‌లైన్‌లో ఇంట్రెస్ట్ టెస్టులు ఉన్నాయి. నమ్మొచ్చా?

కొంతవరకు. కాస్త పేరున్న టెస్టులు చాలావరకు అమెరికా సైకాలజిస్టు జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన పద్ధతి మీద ఆధారపడినవే. ఆయన ఆసక్తులను ఆరు రకాలుగా చూశాడు: చేతులతో, యంత్రాలతో చేసే పని; శోధించి ఎందుకిలా అని తేల్చే పని; కళ, సృజన; మనుషులకు నేర్పడం, సాయపడడం; ఒప్పించడం, నడిపించడం, వ్యాపారం; రికార్డులు, లెక్కలు పద్ధతిగా ఉంచడం. ఎవరూ పూర్తిగా ఒకే రకంలో పడరు. సాధారణంగా రెండు మూడు కలిసి ఉంటాయి. అమెరికా కార్మిక శాఖ వాళ్ల ఓనెట్ (O*NET) సైట్‌లో ఈ పద్ధతిలో 60 ప్రశ్నల టెస్టు ఉచితంగా ఉంది. ఇంగ్లిష్‌లో ఉంటుంది, అది చూపించే ఉద్యోగాలు అక్కడివి. కాబట్టి ఆరింటిలో మీకు ఎక్కువగా వచ్చిన రకాలను తీసుకోండి, ఉద్యోగాల జాబితాను పక్కన పెట్టండి.

ఒక సంగతి మరిచిపోవద్దు. ఈ టెస్టు మీ ఆసక్తిని మాత్రమే అడుగుతుంది, మీకు ఏమొచ్చో అడగదు. పైగా మీరు ఎప్పుడూ చూడని పని గురించి “ఇష్టమా?” అని అడిగితే మీరిచ్చే జవాబు ఊహే. ముందు నోట్‌బుక్, తర్వాత టెస్టు. రెండూ ఒకే మాట చెబితే మంచిది. చెప్పకపోతే నోట్‌బుక్‌నే నమ్మండి.

వేలి ముద్రలు చూసి కెరీర్ చెబుతామని వేలకు వేలు తీసుకునేవాళ్ల జోలికి వెళ్లొద్దు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు.

నాన్న గ్రూప్స్ రాయమంటున్నారు. అమ్మ డీఎస్సీ అంటోంది. నాకేమో ఏదీ తెలియడం లేదు.

మన జిల్లాల్లో ఈ మాట వెనక కారణముంది. వాన నమ్మకం లేని చోట, శనక్కాయ పంట ఎండిపోవడం ఏళ్లకేళ్లు చూసిన ఇంట్లో నెలనెలా పడే జీతం అంటే ఎంత విలువో చెప్పక్కర్లేదు. నాన్న మాటను పాత ఆలోచన అని కొట్టిపారేయొద్దు. కానీ ఆయన అడిగేది భద్రత గురించి. మీరు తేల్చుకోవాల్సింది పని గురించి. ఈ రెండింటినీ కలిపి మాట్లాడడం వల్లే ఇంట్లో గొడవలు.

డిప్యూటీ తహసీల్దార్ కావాలనుకుంటే ఒక సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లి, అర్జీలు తీసుకునే చోట ఓ పూట కూర్చోండి. పొలం సర్వే నంబరు తప్పు పడిందని ఒకరు, దారి మూసేశారని ఒకరు, పింఛను ఆగిందని ఇంకొకరు. ఒకే అర్జీ నాలుగోసారి తెచ్చినవాళ్లూ ఉంటారు. కోపంగా ఉన్న మనిషి చెప్పేది పూర్తిగా విని, పాత ఫైలు తీసి, రూల్ ఏమిటో చూసి జవాబు చెప్పడం ఆ ఉద్యోగంలో రోజూ ఉండే పని. అది చూశాక “ఇది నేను చేయగలను” అనిపిస్తే పరీక్షకు గట్టిగా కూర్చోండి. జీపు, సెల్యూట్ మాత్రమే కళ్లముందు ఉంటే మళ్లీ ఆలోచించండి.

డీఎస్సీ విషయంలోనూ అంతే. పక్కవీధి పిల్లలు పదిమందికి రెండు నెలలు ట్యూషన్ చెప్పి చూడండి. రానివాడికి ఒకే లెక్క ఐదోసారి చెప్పేటప్పుడు మీకేమనిపించిందన్నది మీ మార్కుల కంటే ఎక్కువ చెబుతుంది.

ఇంకా ఒక మాట, కాస్త కటువుగా ఉన్నా చెప్పాలి. గ్రూప్స్‌లో పోస్టులు వందల్లో ఉంటే రాసేవాళ్లు లక్షల్లో. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. కాబట్టి మొదలుపెట్టే రోజే ఎన్ని ప్రయత్నాలు, ఏ వయసు దాకా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడి రాసి పెట్టుకోండి. ఆ గడువులోపల చేతిలో ఇంకో పని కూడా ఉండాలి, సగం రోజుదైనా సరే. కోచింగ్ హాస్టల్లో ఏళ్లు గడిచిపోయాక ఆ మాట మాట్లాడడం ఎవరికీ చేతకాదు.

బీటెక్ చేశాను. సాఫ్ట్‌వేర్ తప్ప దారి లేదా? బెంగళూరు వెళ్లాల్సిందేనా?

వెళ్లాలనుంటే వెళ్లండి, దూరం రెండొందల కిలోమీటర్ల పైచిలుకే. కానీ కోర్సుకు ఫీజు కట్టేముందు ఉచితంగా దొరికే పాఠాలతో ఒక నెల చిన్న ప్రోగ్రాములు రాసి చూడండి. ఎక్కడో ఒక కామా తప్పినందుకు రెండు గంటలు పోతాయి. ఆ రెండు గంటల తర్వాత తప్పు దొరికినప్పుడు మీకు సంతోషమేసిందా, లేక ఫోన్ విసిరేయాలనిపించిందా? సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చాలా రోజులు అలాగే గడుస్తాయి.

చుట్టుపక్కల ఏముందో చూడకుండానే చాలామంది బస్సెక్కేస్తారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి, దానికి విడిభాగాలు ఇచ్చే కంపెనీలు చుట్టూ ఉన్నాయి. మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకు అక్కడ ప్రొడక్షన్, మెయింటెనెన్స్, క్వాలిటీ పనులు. షిఫ్టులు ఉంటాయి, నిలబడి చేసే పని ఉంటుంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు వైపు 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. గుంతకల్లు రైల్వే డివిజన్ కేంద్రం. తాడిపత్రిలో బండల పాలిషింగ్, సిమెంట్. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లు. చీనీ, అరటి, దానిమ్మ తోటలు పెరిగిన కొద్దీ డ్రిప్పు, కోల్డ్ స్టోరేజీ, ప్యాకింగ్, ఎగుమతి పనులూ పెరిగాయి. పల్లెల్లో మనుషులతో పనిచేయాలనుకునేవాళ్లకు 1969 నుంచి ఇక్కడ ఉన్న ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) లాంటి సంస్థలున్నాయి. వీటిలో జీతం మొదట్లో బెంగళూరంత ఉండకపోవచ్చు. అక్కడి రూమ్ అద్దె, తిండి ఖర్చు తీసేసి పోల్చండి.

ఒక పనిని దగ్గర నుంచి చూడాలంటే ఎవరిని అడగాలి? ఏమని అడగాలి?

మీ ఊరి నుంచి ఆ పనిలో ఉన్నవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. కాలేజీ సీనియర్, చుట్టాల అల్లుడు, పక్కింటి అక్క. నేరుగా ఫోన్ చేయకుండా ముందు మెసేజ్ పెట్టండి. ఇలా ఉంటే చాలు:

“అన్నా, నేను ఫలానా వాళ్ల అబ్బాయిని. బీఎస్సీ మూడో సంవత్సరం. మీ పని గురించి తెలుసుకోవాలని ఉంది. ఉద్యోగం అడగడానికి కాదు. మీకు వీలైనప్పుడు పదిహేను నిమిషాలు మాట్లాడొచ్చా?”

ఉద్యోగం అడగడానికి కాదని ముందే చెబితే అవతలివాళ్లకు టెన్షన్ తగ్గుతుంది, మనసు విప్పి మాట్లాడతారు. మాట్లాడేటప్పుడు “జాబ్ ఎలా ఉంది అన్నా?” అని అడగొద్దు. “బాగుంది” అంటారు, అయిపోతుంది. “నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం చేశారు?” అని అడగండి. “మీ పనిలో బాగా విసుగొచ్చేది ఏది?” అనండి. “కొత్తగా చేరి మానేసినవాళ్లు ఎందుకు మానేశారు?” అన్న ప్రశ్నకు వచ్చే జవాబు అన్నిటికంటే విలువైనది. చివర్లో “ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది?” అని ఒక పేరు తీసుకోండి. వీలైతే ఒకరోజు వాళ్ల పక్కన కూర్చుని చూడండి. మెడికల్ షాపు, ఆడిటర్ ఆఫీసు, మెకానిక్ షెడ్డు, నర్సరీ లాంటి చోట్ల ఎవరూ కాదనరు.

పదో తరగతి తర్వాత ఐటీఐ, డిప్లొమాకు పంపితే పిల్లాడి భవిష్యత్తు తగ్గిపోతుందా?

తగ్గదు. పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, తర్వాత ఈసెట్ అనే ఇంకో పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ల ట్రేడులు. అవయ్యాక 1961 అప్రెంటిస్ చట్టం కింద కంపెనీల్లో స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు. ఇంట్లో మిక్సీ విప్పి మళ్లీ బిగించే పిల్లాణ్ణి ఎంపీసీ రెసిడెన్షియల్‌లో కూర్చోబెట్టి రెండేళ్లు ఫిజిక్స్ బట్టీ పట్టించడం కంటే ఇది మేలని నా అభిప్రాయం. పెళ్లి సంబంధాల్లో పరువు తగ్గుతుందనే భయం చాలామంది తల్లిదండ్రులకు ఉంది, బయటికి చెప్పరు. పని వచ్చిన ఎలక్ట్రీషియన్‌కు వేసవిలో ఫోన్ చేసి చూడండి, మీకోసం ఎన్ని రోజులకు వస్తాడో.

ఇంగ్లిష్ రాదు. ఇక ఏ కెరీర్ అయినా కష్టమే కదా?

కొన్నిటికి కష్టమే, దాచి లాభం లేదు. కానీ ఎంత ఇంగ్లిష్ కావాలన్నది పనిని బట్టి మారుతుంది. మెషీన్ మాన్యువల్ చదవడం వేరు, క్లయింటుతో ఫోన్లో మాట్లాడడం వేరు. మీరు ఎంచుకున్న పనికి ఏది కావాలో అది మాత్రం నేర్చుకోండి. రైతులతో మాట్లాడాల్సిన కంపెనీలకు, బ్యాంకులకు మన యాసలో చక్కగా మాట్లాడేవాళ్లే కావాలి. కన్నడం కూడా వస్తే, సరిహద్దు మండలాల్లో చాలామందికి వస్తుంది, దాన్ని రెజ్యూమేలో రాయడం మరవొద్దు.

పెళ్లయ్యాక ఆరేళ్లు ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు నా దగ్గర ఏముందని చూపించాలి?

డ్వాక్రా సంఘంలో ఉన్నారా? పొదుపు పుస్తకం రాశారా? బ్యాంకు లింకేజీ లోన్ కోసం తిరిగారా? కంతు కట్టని సభ్యురాలి ఇంటికి వెళ్లి, గొడవ కాకుండా డబ్బు తెచ్చారా? ఆ చివరి పనిని మైక్రోఫైనాన్స్ కంపెనీలు జీతమిచ్చి చేయించుకుంటాయి. గ్యాప్‌ను దాచొద్దు, “2018 నుంచి సంఘం లెక్కలు చూశాను” అని మీ సంవత్సరాలతో రాయండి. ఇంటికి దగ్గరగా, పిల్లల స్కూలు టైముకు సరిపోయే పని కావాలనుకోవడం కూడా తప్పు కాదు. దాన్ని మొదటి షరతుగా పెట్టుకుని వెతికితే వెతుకులాట తొందరగా తేలుతుంది.

రెజ్యూమేలో ఇవన్నీ ఎలా రాయాలి?

“హార్డ్ వర్కర్, టీమ్ ప్లేయర్, క్విక్ లెర్నర్” అనే మూడు మాటలు ముందు తీసేయండి. చదివేవాళ్ల కంటికి అవి ఆనవు, ఎందుకంటే పక్క కాగితంలోనూ అవే ఉంటాయి. ఏం చేశారో, ఎంత చేశారో, దాంతో ఏమైందో రాయండి. పైన చెప్పిన చీనీ తోట అమ్మాయి అయితే ఇలా రాయొచ్చు: “నాలుగెకరాల తోటకు మూడు సీజన్ల జమాఖర్చులు రాశాను. మార్కెట్ బిల్లుల్లో తూకం తేడాలు గుర్తించి వ్యాపారితో మాట్లాడి సరిచేయించాను.” ఇంటర్వ్యూలో దీని మీద ఎన్ని ప్రశ్నలడిగినా తడుముకోదు, ఎందుకంటే అంతా తను చేసిందే. చేయనిది మాత్రం రాయొద్దు. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

రెండు దారులు నచ్చాయి. ఎటు తేల్చుకోవాలి?

ఏది తర్వాత చేసినా కుదురుతుందో దాన్ని పక్కన పెట్టండి. వయోపరిమితి ఉన్నది, అడ్మిషన్ గడువు ఉన్నది ముందు చూడండి. రెండూ సమానంగా ఉంటే, తక్కువ డబ్బుతో ఒక నెలలో రుచి చూడగలిగేదాన్ని ముందు ప్రయత్నించండి.

ముప్పై దాటింది. ఇప్పుడు మారొచ్చా?

మారొచ్చు, కానీ మొత్తం వదిలేసి కాదు. ఇప్పటి పనిలో ఉన్న నైపుణ్యం ఎక్కడ అమ్ముడవుతుందో చూసి పక్క గదిలోకి మారండి. పురుగుమందుల షాపులో పదేళ్లు పనిచేసినవాడు డ్రిప్పు కంపెనీకి ఫీల్డ్ ఆఫీసరుగా వెళ్లడం తేలిక, వెబ్ డిజైనర్‌గా మారడం కష్టం. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకోండి.

ఉచితంగా సలహా ఎక్కడ దొరుకుతుంది?

ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జేకేసీలు (జవహర్ నాలెడ్జ్ సెంటర్లు) ఉంటాయి, ముందు మీ కాలేజీలో అడగండి. జిల్లా ఉపాధి కార్యాలయం, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాల సమాచారం ఇస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్‌కు డబ్బు కట్టక్కర్లేదు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్లు ఎవరైనా సరే, ఫోన్ పెట్టేయండి.

ఎక్కడికి వెళ్లినా మార్కుల మెమోలతో పాటు ఆ రెండు వారాల నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి. అది చేతిలో ఉంటే ఎదుటివాళ్లు “నీకేది ఇష్టం?” దగ్గర ఆగిపోకుండా నేరుగా పని గురించి మాట్లాడతారు.